మూగదెబ్బ – మూత్రాశయ గాయముల చరిత్ర

మన భాషలో 'మూగదెబ్బ' అను మాట గలదు. చర్మము చినుగదు, నెత్తురు చిందదు, పైకి చూచువారికి ఏ జాడయు కనబడదు. కాని లోపల జరుగవలసిన హాని జరిగియే యుండును. కత్తిగాటు తన సంగతి తానే చెప్పుకొనును. మూగదెబ్బ చెప్పుకొనలేదు. దానిచేత మాటాడించుట వైద్యుని పని. అట్టి మూగదెబ్బలలో ఒకదాని చరిత్రను మేమీ వ్యాసమున చెప్పబూనితిమి. పొత్తికడుపునకు తగిలిన దెబ్బచే మూత్రాశయము పగులుట, దానిని వైద్యులు గుర్తింప నేర్చిన విధము, నయము చేయ నేర్చిన విధము – ఇదియే మా ప్రస్తుత విషయము.

విషయము వినుటకు సొంపైనది కాదని మేమెరుగుదుము. మూత్రమును గూర్చి నలుగురిలో మాటాడుటకు సంకోచించుట మనవారి అలవాటు. ఐనను, ఈ గాయము విషయమున ఆ సంకోచమే పలుమారు ప్రాణముల మీదికి తెచ్చుచున్నది. కావున దానిని కొంతసేపు ప్రక్కనుంచి వినవలసినదిగా కోరుచున్నాము.

నెల్లూరు జిల్లా బోగోలు మండలములో, బంగాళాఖాతపు టొడ్డున, జువ్వలదిన్నె అను మత్స్యకార గ్రామము గలదు. అక్కడి వారికి సముద్రమే పొలము, వలయే నాగలి. తెప్పయైనను, మోటారు పడవయైనను, ఒడ్డు విడుచునప్పుడును ఒడ్డు చేరునప్పుడును కెరటముల వరుసను దాటియే తీరవలెను. ఆ కెరటము పడవను ఎత్తివేసినప్పుడు మనిషి పడవ అంచు మీద బోర్లపడుట, తూలిన పడవ కొయ్య పొత్తికడుపులో పొడుచుట, బిగిసిన మోకు తెగి కొట్టుట – ఇవి వేటకు పోవువారికి వింతలు కావు. ఊరికి పడమరగా కొంత దూరము పోయినచో చెన్నై–కోల్‌కతా రైలుమార్గమును, 16వ సంఖ్య జాతీయ రహదారియు తగులును. రహదారి మీద మోటారు సైకిళ్లు, లారీలు, చేపల వాహనములు ఎడతెగక తిరుగుచుండును. అక్కడ జరుగు ప్రమాదముల తీరు వేరు. సముద్రపు దెబ్బ ఒకటి, రహదారి దెబ్బ ఒకటి. మూత్రాశయము పగులుటలో గల రెండు ముఖ్య భేదములను గ్రహించుటకు ఈ రెండు దెబ్బలును మనకు చక్కని ఉదాహరణములు.

ముందుగా ఆ అవయవపు ఉనికిని తెలిసికొందము. మూత్రాశయము కండరముతో అల్లిన తిత్తి. ఖాళీగా ఉన్నప్పుడు అది పొత్తికడుపు అడుగున, ఎదుటి కటి యెముక వెనుక అణగియుండును. ఎముక దానికి కోటగోడ వంటిది. నిండినకొలది అది ఆ గోడను దాటి పైకి లేచును; మిక్కిలి నిండినప్పుడు బొడ్డు దాపునకు వచ్చును. అప్పుడు దానికి కాపు లేదు. పైగా, సాగిన తిత్తి గోడ పలుచబడును. దాని పైకప్పు అన్నిటికంటె బలహీనమైన చోటు. ఆ పైకప్పును పెరిటోనియము అను పలుచని పొర కప్పియుండును. ప్రేగులను చుట్టియున్న పొరయు అదియే. నిండిన మూత్రాశయముతో పడవ అంచు మీద బోర్లపడినవానికి ఆ పైకప్పు పగులును. మూత్రము ప్రేగుల నడుమకు, అనగా కడుపులోనికి పోవును. దీనిని వైద్యులు లోపగులు అనవచ్చును. రహదారి ప్రమాదములో కటి యెముకలు విరిగినప్పుడు కథ వేరు. విరిగిన యెముక ముక్క గుచ్చుకొనుట చేతనో, ఎముకల వలయము తటాలున వంగి తిత్తిని పట్టియుంచు కట్లు తెగుట చేతనో మూత్రాశయము క్రింది భాగమున చీలును. అప్పుడు మూత్రము కడుపులోనికి పోక, చుట్టునున్న మెత్తని కండలలోనికి ఇంకును. దీనిని వెలిపగులు అందము. చిన్నపిల్లలలో మూత్రాశయము పెద్దలకంటె ఎత్తున ఉండుటచే వారికి లోపగులు భయము హెచ్చు.

ఈ రెంటి భేదము తెలియక పూర్వము, మూత్రాశయపు గాయమనిన చావుతో సమానముగా ఎంచబడెను. గ్రీకుదేశపు హిప్పోక్రటీసు పేర వచ్చిన సూత్రములలో, తగిలినచో మనిషి బ్రతుకని అవయవముల పట్టిక యొకటి గలదు. మెదడు, గుండె, కాలేయము మొదలగువాని సరసన మూత్రాశయమును అందులో చేర్చిరి. మన సుశ్రుతుడును ఇంచుమించుగా అట్లే తలచెను. శరీరములోని 107 మర్మస్థానములలో వస్తి, అనగా మూత్రాశయము, ఒకటియని ఆయన సంహిత చెప్పుచున్నది. అంతేకాదు, వెంటనే ప్రాణము తీయు 19 మర్మములలో దానిని చేర్చినది.

కాని సుశ్రుతుడు అక్కడితో ఆగలేదు. మూత్రాశయములోని రాయిని కోసి తీయు చికిత్స ఆయనకు తెలియును. ఆ అనుభవము వలన ఒక మినహాయింపును కనిపెట్టెను: రాయి తీయుటకై చేసిన గాటు వేరు, అది ఒక ప్రక్కనే ఉన్నచో మూత్రము కారు పుండగును, శ్రమించి చికిత్స చేసినచో అది మానును, రెండు ప్రక్కల భేదమైనచో మాత్రము రోగి బ్రతుకడు. రెండువేల ఏండ్ల నాటి ఈ మాటలో ఒక గొప్ప సత్యము దాగియున్నది. మూత్రాశయపు గోడ మానగల గోడయే. మూత్రము వెలికి పోవుటకు దారి యున్నచో, గాయము నయమగును. దారిలేక లోపలనే నిలిచినచో మనిషి చచ్చును. తరువాతి వైద్యులు చేసినదంతయు ఈ సూత్రమును విస్తరించుటయే. రాయి తీయుటకు ముందు రాజునకు విన్నవించుకొనవలెనని కూడ సుశ్రుత సంహిత విధించినది. చికిత్స చేయకున్న చావు నిశ్చయము, చేసినను బ్రతుకు సందేహము. అట్టి పనికి పూనుకొను వైద్యుడు నిందకు గురికాకుండుటకు ఈ జాగ్రత్త. నేటి ఆసుపత్రులలో ఆపరేషనుకు ముందు సంతకము తీసికొను ఆచారమునకు ఇది ముత్తాత వంటిది.

పగిలిన మూత్రాశయము ఎందుకు చంపుచున్నది? ఆరోగ్యవంతుని మూత్రములో సూక్ష్మజీవులు సామాన్యముగా హెచ్చుగా నుండవు. కావున కడుపులోనికి పోయిన మూత్రము మొదటి గంటలలో పెద్ద బాధ కలిగింపకపోవచ్చును. దెబ్బ తిన్నవాడు లేచి నడచి ఇంటికి పోవచ్చును. కొద్దిగా కడుపునొప్పి అని పడుకొనవచ్చును. కాని శరీరము బయటికి పంపదలచిన మలినములను కడుపులోని పొర మరల రక్తములోనికి పీల్చుకొనుచుండును. రక్తములో యూరియా, క్రియాటినిను పెరుగును, కడుపు ఉబ్బును, మూత్రము తగ్గిపోవును. తరువాత సూక్ష్మజీవులు చేరినచో జ్వరము, కడుపంతయు గట్టిపడుట, తుదకు మృత్యువు. తొలి గంటల ఈ నెమ్మదియే పూర్వపు వైద్యులను మోసపుచ్చినది. నేటికిని ఇండ్లలోని వారిని మోసపుచ్చుచున్నది.

పందొమ్మిదవ శతాబ్దపు నడుమ వరకు కడుపు కోసి లోపలి పగులును కుట్టుట ఊహకందని పని. దానికి మూడు వసతులు కావలసియుండెను: నొప్పి తెలియకుండ చేయు మందు, పుండు చెడకుండ కాచు పద్ధతి, కోయుటకు ధైర్యము. 1846లో అమెరికాలోని బోస్టను నగరమున ఈథరును, 1847లో ఎడింబరోలో క్లోరోఫారమును మత్తుమందులుగా వాడిరి. 1867లో జోసెఫ్ లిస్టరు కార్బాలికామ్లముతో పుండ్లను శుభ్రపరచు పద్ధతిని ప్రకటించెను.

మత్తుమందు చరిత్రలో మన తెలుగుగడ్డకును చోటు గలదు. హైదరాబాదులో ఎడ్వర్డు లారీ అను వైద్యుడు క్లోరోఫారము నిరపాయకరత్వమును పరీక్షించుటకై 1888లోను, 1889లోను రెండు సంఘములను నడపెను. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాను ద్రవ్యసాయము చేయగా, లండనులోని 'లాన్సెట్' పత్రిక తరఫున లాడర్ బ్రంటను హైదరాబాదు వచ్చి రెండవ పరిశోధనలో పాల్గొనెను. క్లోరోఫారము గుండెను ఆపదు, శ్వాసనే ఆపునను వారి తీర్పు తరువాతి కాలపు పరీక్షలకు పూర్తిగా నిలువలేదు. ఐనను, మత్తులో నున్నవాని శ్వాసను అనుక్షణము కనిపెట్టుచుండవలెనని వారు చేసిన హెచ్చరిక మాత్రము వ్యర్థము కాలేదు. నిద్రపుచ్చు విద్య స్థిరపడనిదే కడుపు కోయు విద్య పెంపొందదు గదా.

అమెరికాలోని పిట్స్‌బర్గు వైద్యుడు వాల్టరు, పగిలిన మూత్రాశయము గల ఒక రోగి కడుపు కోసి, లోపల నిలిచిన మూత్రమును తుడిచివేసి, ఆతనిని బ్రతికించిన వృత్తాంతమును 1862లో ప్రకటించెను. అతడు మూత్రాశయపు చీలికను కుట్టనైన కుట్టలేదు. మూత్రము పోవుటకు గొట్టము మాత్రము అమర్చెను. సుశ్రుతుని సూత్రము ఇక్కడ మరల రుజువైనది. 1876లో లండనులోని విల్లెట్టు చీలికను కుట్టిచూచెను. కాని రోగి దక్కలేదు. పది సంవత్సరములకు, 1886లో, సర్ విలియం మెకార్మక్ ఇద్దరు రోగులకు కడుపు కోసి, మూత్రాశయమును కుట్టి, ఇద్దరిని బ్రతికించి, ఆ సంగతిని 'లాన్సెట్'లో ప్రకటించెను. నాటినుండి లోపగులునకు కుట్టే శరణ్యమని వైద్యలోకము అంగీకరించినది. నేటికిని ఆ తీర్పు మారలేదు.

కుట్టుట వచ్చినది, కాని ఎవరిని కుట్టవలెను? పగులు లేనివానిని కోసిన పాపము, ఉన్నవానిని వదలిన పాపము – రెండును వైద్యునివే. అందుచేత గుర్తించు విద్యయే అసలు సమస్యయైనది. పూర్వులు ఒక ఉపాయము చేసిరి. గొట్టముతో మూత్రాశయములోనికి కొలిచిన నీటిని పంపి, తిరిగి అంతయు వచ్చునా లేదా యని చూచెడివారు. తగ్గినచో పగిలినదని నిర్ణయము. ఉపాయము తెలివైనదే, కాని నమ్మదగినది కాదు. నెత్తురు గడ్డ చీలికను మూసినచో నీరంతయు తిరిగి వచ్చును. కడుపులోనికి కారిన నీరు కూడ ఒక్కొక్కప్పుడు గొట్టములోనికి వచ్చి లెక్క సరిపోయినట్లు తోపించును. కొలత మోసము చేయగా, కంటికే పని చెప్పవలసివచ్చినది. 1877లో జర్మనీ వైద్యుడు మాక్స్ నీట్జె దీపము అమర్చిన సన్నని గొట్టముతో మూత్రాశయము లోపలిని చూచు యంత్రమును ప్రదర్శించెను. ఐతే నెత్తురుతో నిండిన తిత్తిలో ఆ కన్నును మసకబారునుగదా.

1895లో రంట్జెను ఎక్స్‌కిరణములను కనుగొనెను. ఎముక కనబడినది, మెత్తని తిత్తి కనబడలేదు. ఎక్స్‌కిరణములకు అడ్డుపడు ద్రవముతో తిత్తిని నింపినచో దాని ఆకారము నీడవలె పడునను ఆలోచన త్వరలోనే పుట్టెను. 1905లో జర్మనీకి చెందిన ఫ్యోల్కర్, లిఖ్టెన్‌బెర్గ్ అను ఇరువురు ఈ విధముగ తీసిన మూత్రాశయపు చిత్రములను ప్రకటించిరి. 1918లో అమెరికా వైద్యుడు కామెరన్ సోడియం అయొడైడు ద్రవము ఈ పనికి తగినదని చూపెను. నేడు వాడు ద్రవములును అయొడిను కలిసినవియే. ఈ విధముగా మూగదెబ్బకు తొలిసారిగా నోరు వచ్చినది. ద్రవము తిత్తి దాటి ప్రేగుల వంపులను చుట్టినచో లోపగులు. తిత్తి మొదట అగ్నిజ్వాలల వలె అంచులు చెదరినచో వెలిపగులు. ఏ వైద్యవిద్యార్థియైనను ఈ రెండు చిత్రములను ఒకసారి చూచిన మరువడు.

ఈ పరీక్షలో రెండు నియమములు అనుభవము నేర్పినవి. మొదటిది: తిత్తిని నిండుగా నింపవలెను. పెద్దలకు 300 మిల్లీలీటర్లకు తక్కువగాక ద్రవము పంపినగాని చిన్న చీలిక తెరచుకొనదు. సగము నింపి 'పగులు లేదు' అనుట ప్రమాదము. రెండవది: ద్రవమును వదలివేసిన పిదప మరల ఒక చిత్రము తీయవలెను. నిండిన తిత్తి నీడ వెనుక దాగిన కారుడు, తిత్తి ఖాళీయైన తరువాతనే బయటపడును. 1971లో లండనులో తొలిసారిగా రోగిపై వాడిన సి.టి. స్కాను తరువాతి దశాబ్దములలో ఈ పరీక్షలోనికి వచ్చి, నేడు పెద్ద ఆసుపత్రులలో ఎక్స్‌రేతో సమానముగ నమ్మబడుచున్నది. కాని ఆ రెండు నియమములలో మొదటిది స్కానుకును వర్తించును. నరములోనికి మందెక్కించి, అది మూత్రముగా దిగి తిత్తి నిండువరకు వేచి స్కాను తీయుట చాలదు. గొట్టము ద్వారా తిత్తిని నింపియే తీయవలెను. యంత్రము ఖరీదైనంత మాత్రమున పద్ధతి విడువరాదు.

చికిత్సకు తోడైన మరి రెండు వరములను చెప్పక తప్పదు. అమెరికా వైద్యుడు ఫోలీ 1930 ప్రాంతముల, కొనయందు చిన్న బుడగ గల రబ్బరు గొట్టమును రూపొందించెను. లోపలికి పోయిన తరువాత బుడగను ఉబ్బించినచో గొట్టము జారక నిలుచును. కాథెటరు అని నేడు ఆసుపత్రులలో అందరు పిలుచు గొట్టము ఇదియే. దీని మూలముననే వారముల తరబడి తిత్తిని ఖాళీగా ఉంచుట సాధ్యమైనది. రెండవది సూక్ష్మజీవులను చంపు మందులు. పెన్సిలిను తరువాత వచ్చిన మందులలో 1948లో ప్రకటింపబడిన ఆరియోమైసిను ఒకటి. అది టెట్రాసైక్లిను కుటుంబములో మొదటిది. దానిని బెంజమిన్ డగ్గర్ కనుగొన్న లెడర్లీ పరిశోధనశాలకు అధిపతి మన భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు. మదరాసు వైద్యకళాశాలలో చదివి, దేశాంతరమేగి, ఆ మందు లోకమునకు తెలిసిన 1948లోనే ఆయన కన్నుమూసెను.

ఇరువదవ శతాబ్దపు పెక్కు దశాబ్దముల వరకు ఏ పగులునైనను కోసి కుట్టుటయే ఆచారము. అప్పుడు మరియొక ప్రశ్న బయలుదేరెను: వెలిపగులును కూడ కోయవలెనా? మూత్రము కడుపులోనికి పోవుట లేదు. తిత్తి గోడ మానగలది. గొట్టము వేసి తిత్తిని ఖాళీగా ఉంచినచో చాలదా? 1975లో రిచర్డ్‌సన్, లెడ్‌బెటర్ అను అమెరికా వైద్యులు కోయకుండ నయము చేసిన రోగుల సంగతి ప్రకటించిరి. 1986లో కొరియరే, సాండ్లరు అను వారు ఏడు సంవత్సరములలో తాము చూచిన 111 మంది రోగుల అనుభవమును వెల్లడించిరి. అంతటితో మార్గము స్పష్టమైనది. వెలిపగులు సామాన్యముగా గొట్టముతోనే మానును; రెండు మూడు వారములకు మరల ద్రవము నింపి చిత్రము తీసి, కారుడు లేదని రూఢి చేసికొని గొట్టము తీసివేయుదురు. ఎముక ముక్క తిత్తిలో గుచ్చుకొనియున్నను, తిత్తి మెడ చీలినను, మలాశయమో స్త్రీలలో యోనియో కూడ గాయపడినను, విరిగిన కటిని ఎటులను కోసి బిగింపవలసియున్నను మాత్రము కుట్టుట మేలు. లోపగులునకు ఈ వెసులుబాటు లేదు. కరిగిపోవు దారముతో సాధారణముగా రెండు వరుసలుగా కుట్టవలసినదే. ఒక శతాబ్దము కోయుట నేర్పినది; తరువాతి శతాబ్దము ఎప్పుడు కోయరాదో నేర్పినది. రెండవది మొదటిదానికంటె తక్కువ విద్య కాదు.

ఇక నేటి వైద్యుని ముందు దెబ్బ తిన్నవాడు వచ్చినాడనుకొందము. మూత్రములో కంటికి కనబడునట్లు నెత్తురు పడుట ముఖ్యమైన గుర్తు. మూత్రాశయము పగిలినవారిలో నూటికి సుమారు 95 మందికి ఇది యుండును. మూగదెబ్బచే మూత్రాశయము పగిలినవారిలో నూటికి 80కి పైగా కటి యెముకలు కూడ విరిగియుండును. తిరుగవేసి చూచినచో, కటి విరిగినవారిలో నూటికి 5 నుండి 10 మందికి మూత్రాశయము గాయపడును. పగుళ్లలో ఇంచుమించు నూటికి 60 వెలిపగుళ్లు, 30 లోపగుళ్లు, తక్కినవి రెండును కలిసినవి. కావున కటి విరిగి, మూత్రము ఎర్రగా వచ్చినచో, ద్రవము నింపి తీయు పరీక్ష తప్పక చేయవలసినదని నేటి నిర్ణయము. గొట్టము వేయుటకు ముందు మరియొక్క జాగ్రత్త గలదు. మూత్రము వెలువడు ద్వారమున నెత్తురు చుక్క కనబడినచో, తిత్తికంటె ముందు ఆ మార్గమే తెగియుండవచ్చును. అప్పుడు బలవంతముగా గొట్టము దూర్చినచో సగము తెగినది పూర్తిగా తెగవచ్చును. ముందు ఆ మార్గమునకు చిత్రము తీసి చూడవలెను.

ఇంత విద్యయు ఆసుపత్రిలో ఉన్నది. రోగి మాత్రము ఒడ్డున ఉన్నాడు. ఈ రెంటి నడుమ దూరమే మన తీరప్రాంతపు అసలు చరిత్ర. తెలుగువారికి విశాఖపట్టణమున 1923లో వైద్యకళాశాల వెలసినది. అంతకుపూర్వము, నెల్లూరు సీమవారు వైద్యము చదువవలెనన్న మదరాసు పోవలసియుండెను. నెల్లూరులో ప్రభుత్వ వైద్యకళాశాల 2014లో గాని రాలేదు. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలైన 108 అంబులెన్సు సేవ తరువాత తెలుగు జిల్లాలన్నిటికి వ్యాపించి, దారిలోనే ప్రథమ చికిత్స అందు ఏర్పాటును తెచ్చినది. 2007లో ఆరంభమైన ఆరోగ్యశ్రీ పథకము, నేడు ఆంధ్రప్రదేశమున డాక్టర్ ఎన్.టి.ఆర్. వైద్యసేవగా నడచుచు, బీదవానికి ఆపరేషను ఖర్చు భయమును చాలవరకు తగ్గించినది. జువ్వలదిన్నెలో మత్స్యనౌకాశ్రయమునకు 2020 నవంబరులో శంకుస్థాపన జరిగినది. పెద్ద పడవలు, యంత్రములు, ఇనుప మోకులు, బరువులెత్తు పనులు పెరిగినచోట మూగదెబ్బలును పెరుగును. రేవు కట్టువారు ఈ సంగతిని కూడ లెక్కలో ఉంచుకొనుట మంచిది.

దూరము తగ్గినది, కాని ఒక దూరము ఇంకను మిగిలియున్నది. అది నోటికిని, చెవికిని నడుమ గల దూరము. దెబ్బ తిన్నవాడు సిగ్గుచే చెప్పడు. చెప్పినను ఇంటివారు 'తగ్గిపోవునులే' అని కాపడము పెట్టి పడుకోబెట్టుదురు. వైద్యుడు 'మూత్రవిసర్జన' అని అడిగినచో ముసలి బెస్తవానికి అర్థము కాకపోవచ్చును. 'పెద్దాయనా, ఒంటికి పోయి ఎంతసేపయింది? ఏ రంగుగా వచ్చింది?' అని అడిగినచో వెంటనే చెప్పును. రెండు చిన్న ప్రశ్నలు. ఎక్స్‌రేకంటె ముందుగా, స్కానుకంటె ముందుగా, మూగదెబ్బచేత పలికింపగలవి ఇవియే. దెబ్బ తగులునప్పటికి కడుపు నిండుగా ఉండెనా యను మూడవ ప్రశ్నయు అడుగదగినదే. త్రాగి పడినవారి విషయమున ఇది మరింత ముఖ్యము. మద్యము మూత్రమును పెంచును, తిత్తి నిండిన సంగతిని మరపించును, నొప్పిని కప్పిపుచ్చును.

ఒడ్డుననున్నవారు చేయదగిన పనులు కొద్ది. పొత్తికడుపునకు గట్టి దెబ్బ తగిలి, మూత్రము ఎర్రగా వచ్చినను, వచ్చునట్లుండి రాకున్నను, కడుపు ఉబ్బుచున్నను, మరునాటివరకు ఆగరాదు. నడుము క్రింద నొప్పియై నిలువలేనివానిని కూర్చుండబెట్టరాదు, అటునిటు దొర్లింపరాదు. బల్ల మీద వెల్లకిల పరుండబెట్టి, తుంటి యెముకల మట్టున వెడల్పు గుడ్డను గట్టిగా చుట్టి, అట్లే తీసికొనిపోవలెను. తినుటకు, త్రాగుటకు ఏమియు పెట్టరాదు. ఆపరేషను అవసరము పడవచ్చును. దెబ్బ తగిలిన వేళను, చివరిసారి ఒంటికి పోయిన వేళను గుర్తుంచుకొని వైద్యునికి చెప్పవలెను. వేటకు బయలుదేరువారు, దూరప్రయాణము చేయువారు ముందుగా తిత్తిని ఖాళీ చేసికొనుట కాసు ఖర్చులేని కవచము. ఖాళీ తిత్తికి ఎముక గోడ కాపలా యున్నది. నిండిన తిత్తికి ఏ కాపలాయు లేదు.

రెండువేల ఏండ్ల క్రిందట చావుగా లెక్కింపబడిన గాయము నేడు వేళకు గుర్తించినచో చాలవరకు నయమగు గాయమైనది. సుశ్రుతుని పరిశీలన, వాల్టరు సాహసము, మెకార్మక్ కుట్టు, రంట్జెను కిరణము, ఫోలీ గొట్టము, సుబ్బారావు శాలనుండి వచ్చిన మందు – ఎందరి కృషియో కలిసి ఈ మార్పును తెచ్చినవి. వీరందరి శ్రమయు రోగి ఆసుపత్రి గడప తొక్కిన తరువాతనే ఫలించును. దెబ్బ మూగదైనను మనిషి మూగవాడు కానక్కరలేదు. తనకేమైనదో అతడు చెప్పవలెను, ఇంటివారు అడుగవలెను, అడిగినదానిని వైద్యుడు వినవలెను. చికిత్స మొదలగునది అక్కడనే.